జువాలజీ... డాక్టరు సీటు రానివాళ్ల చదువేనా?

*బైపీసీ చదివిన పిల్లల్లో మెడిసిన్ దాకా వెళ్లేది కొద్దిమందే. మిగిలినవాళ్లలో చాలామందికి డిగ్రీలో జువాలజీ తగులుతుంది. కోరి చేరేవాళ్లు తక్కువ, ‘ఏదో ఒక డిగ్రీ’ అని చేరేవాళ్లు ఎక్కువ. అయితే మలేరియా గుట్టు విప్పింది మన సికింద్రాబాద్‌లోనే. చేపలు, రొయ్యల సాగులో దేశానికి ముందు నడిచేది మన తీరమే. అంతరించిపోయిందనుకున్న పక్షి మళ్లీ కనిపించింది మన కడప చిట్టడవుల్లోనే. ఇన్ని ఉన్నచోట ఈ చదువు ఎందుకింత చిన్నబోయింది? దాన్ని సరిగ్గా చదివితే ఏముంటుంది?*

పెళ్లిలోనో, గృహప్రవేశంలోనో ఈ సంభాషణ వినబడుతూనే ఉంటుంది.

‘ఏం చదువుతున్నావమ్మా?’

‘బీఎస్సీ అత్తయ్యా, బీజెడ్సీ.’

‘అయ్యో, నీట్‌లో ర్యాంకు రాలేదా? ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్ తీసుకోకపోయావా!’

బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ కలిస్తే బీజెడ్సీ. తెలుగునాట తరాలుగా నడుస్తున్న కోర్సు. ఇప్పుడు మేజర్లు, మైనర్లు, క్రెడిట్లు అంటూ చట్రం మారినా జనం నోట్లో పేరు మారలేదు, పరామర్శా మారలేదు. 2024లో దేశవ్యాప్తంగా నీట్ రాసినవాళ్లు 23 లక్షలకు పైనే. ఎంబీబీఎస్ సీట్లు లక్ష దాటి కొంచెం. అంటే సుమారు ఇరవై మందికి ఒక్క సీటు. మిగిలిన పంతొమ్మిది మందినీ ఓడిపోయినవాళ్ల కింద జమకట్టడం లెక్క రాని మాట. పోటీ అలా ఉంది, అంతే.

అసలు చిక్కు మరోచోట ఉంది. ఇంటర్ రెండేళ్లూ జువాలజీని బిట్ల కోసమే చదివి వస్తారు పిల్లలు. ఏ గ్రంథి ఏ హార్మోన్ విడుదల చేస్తుందో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఇంటి గోడ మీద బల్లి జారిపడకుండా ఎలా పాకుతుందని అడిగితే తడబడతారు. డిగ్రీలో చేరాక కూడా అదే అలవాటు సాగితే మూడేళ్ల తర్వాత మిగిలేది మెమో ఒక్కటే. ఈ చదువు రుచి తెలియాలంటే దాన్ని బిట్ల నుంచి బయటికి లాగాలి. అందుకు దూరం వెళ్లక్కర్లేదు. సికింద్రాబాద్ నుంచే మొదలుపెట్టొచ్చు.

అణాకో దోమకాటు

1897 ఆగస్టు 20. సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు ఒక దోమను కోసి, దాని పొట్ట గోడను మైక్రోస్కోపు కింద పరీక్షిస్తున్నాడు. అంతకు నాలుగు రోజుల ముందు ఆ దోమ హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి రక్తం తాగింది. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ఆ రోగికి ముట్టజెప్పారు. దోమ పొట్ట గోడలో రాస్‌కు కొన్ని గుండ్రటి కణాలు కనిపించాయి. వాటిలో నల్లటి రేణువులున్నాయి. మలేరియా రోగి రక్తంలో కనబడేవి కూడా సరిగ్గా అలాంటి రేణువులే.

మలేరియా పరాన్నజీవిని ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ 1880లోనే మనిషి రక్తంలో చూశాడు. అది ఒకరి నుంచి మరొకరికి ఎలా చేరుతోందన్నదే తేలలేదు. సికింద్రాబాద్‌లో ఆ ముడి వీడింది. మరుసటి ఏడాది రాస్ కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి, దోమ కాటుతోనే వ్యాధి సంక్రమిస్తుందని నిరూపించాడు. 1902లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఏటా ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటించడానికి కారణం సికింద్రాబాద్‌లోని ఆ రోజే. ఆయన పనిచేసిన బేగంపేట భవనం నేడు ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలో ఆయన పేరు మీదే ఉంది.

డిగ్రీ మొదటి ఏడాదిలో ప్లాస్మోడియం జీవిత చక్రం తప్పనిసరి పాఠం. రికార్డులో బొమ్మ గీయాలి, పరీక్షలో వ్యాసం రాయాలి. ఆ బొమ్మలో సగం మనిషిలో, సగం దోమలో నడుస్తుంది. దోమలోని సగానికి మొదటి ఆధారం దొరికింది మన ఊళ్లో. హైదరాబాద్‌లో డిగ్రీ చదివే పిల్లల్ని ఒక పూట బేగంపేట తీసుకెళ్లి ఈ పాఠం అక్కడే చెబితే మళ్లీ బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

ఇది పాతబడిన కథా కాదు. డెంగీ మోసే ఈడిస్ దోమ పగలు కుడుతుంది, ఇంట్లో నిలవున్న మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది. మలేరియా మోసే ఎనాఫిలిస్ రాత్రిళ్లు కుడుతుంది. ఒకదాని మీద పనిచేసే ఉపాయం ఇంకోదాని మీద పారదు. కూలర్ తొట్టి ఒంపించాలా, మురుగు గుంట మీద మందు చల్లాలా అన్నది ముందు దోమ జాతి తేలితేగానీ చెప్పలేం. హైదరాబాద్ నగరపాలక సంస్థలో ఎంటమాలజీ విభాగం ప్రత్యేకంగా ఉన్నది అందుకే.

నాలుగు అవసరాలు, వేల దారులు

జువాలజీ అంటే బోలెడన్ని పేర్లు, లాటిన్ ముక్కలు అన్న భయం చాలామందికి. పేర్ల జాబితాగా చదివితే నిజంగానే భారం. దాని లోపలి తర్కం పట్టుకుంటే తీరు మారిపోతుంది.

ఏ జంతువుకైనా తీరాల్సిన అవసరాలు నాలుగు. తినాలి, ఊపిరి పీల్చాలి, బతికి బయటపడాలి, సంతానాన్ని కనాలి. ఏకకణ జీవుల నుంచి క్షీరదాల దాకా సిలబస్‌లో వచ్చే ప్రతి వర్గమూ ఈ నాలుగింటికి తనదైన దారి వెతుక్కుంది. బొద్దింకకు ఊపిరితిత్తులు లేవు. ఒంటికి ఇరువైపులా ఉన్న రంధ్రాల నుంచి సన్నటి గొట్టాలు బయల్దేరి గాలిని నేరుగా కణాల దగ్గరికే చేరుస్తాయి. ఆక్సిజన్ మోసే పని లేదు కాబట్టి దాని రక్తంలో హిమోగ్లోబిన్ లేదు, ఎరుపూ లేదు. వానపాముకు చర్మమే ఊపిరితిత్తి. దాని రక్తం ఎర్రగానే ఉంటుంది, కాకపోతే హిమోగ్లోబిన్ మనకున్నట్టు కణాల్లో ఉండదు, ద్రవంలోనే కరిగి ఉంటుంది. కప్ప గుండెకు మూడు గదులు, మొసలి గుండెకు నాలుగు. ‘ఎన్ని గదులు?’ అనేది ఇంటర్ ప్రశ్న. ‘ఎందుకన్ని?’ అనేది డిగ్రీ ప్రశ్న. ఈ తేడా తెలిసిన అధ్యాపకుడు దొరికిన విద్యార్థి అదృష్టవంతుడు.

రెండో ఏడాదికి వచ్చేసరికి కణం, జన్యువులు, పరిణామం, పిండాభివృద్ధి ఎదురవుతాయి. కోడి పిండం స్లైడులు లేని జువాలజీ ల్యాబు ఉండదు. 24 గంటలు, 48 గంటలు, 72 గంటలు అని చీటీలు అంటించి ఉంటాయి. పొదిగిన రెండో రోజుకే ఆ పిండంలో గుండె కొట్టుకోవడం మొదలైపోతుంది. మూడో ఏడాదిలో శరీరధర్మ శాస్త్రం, రోగనిరోధక శాస్త్రం, జీవావరణం, చేపల పెంపకం, బయోటెక్నాలజీ వంటివి కలుస్తాయి. డాక్టరు చదువు ఒక్క జంతువు దేహాన్ని లోతుగా చూస్తుంది. ఈ చదువు ఆ జంతువుకున్న చుట్టాలందరినీ పరిచయం చేస్తుంది.

కత్తెర పక్కన పెట్టాక

ఇప్పుడు యాభై దాటిన బీజెడ్సీ విద్యార్థి ఎవరినైనా కదిలించండి, ముందు ఫార్మలిన్ వాసన గురించే చెబుతారు. మైనం పోసిన ట్రే, గుండుసూదులు, డిసెక్షన్ బాక్సు, కళ్లు మండుతుంటే సొరచేప తలలోంచి నరాలను తెగకుండా బయటికి తీయడానికి పడిన పాట్లు. నరం తెగిందా, మార్కులు తెగినట్టే. కప్పలు, తొండలు, నత్తలు, వానపాములు, బొద్దింకలు... ఒక్కో కాలేజీకి ఏటా ఎన్ని కావాలో అన్నీ చెరువుల నుంచీ పొలాల నుంచీ వచ్చేవి.

కప్పల మీద అప్పటికే ఇంకో వేటు పడి ఉంది. విదేశీ విందుల కోసం కప్ప కాళ్ల ఎగుమతి జోరుగా సాగేది. పొలాల్లో పురుగుల్ని తినే కప్పలు తరిగిపోతున్నాయని గోల రేగి, 1987లో కేంద్రం ఆ ఎగుమతిని నిషేధించింది. ప్రయోగశాలల వంతు ఆ తర్వాత చాలా ఏళ్లకు వచ్చింది. జంతువుల కోతను దశలవారీగా మానుకోవాలని 2011లో యూజీసీ మార్గదర్శకాలిచ్చింది. 2014లో డిగ్రీ, పీజీ రెండింటిలోనూ విద్యార్థుల శిక్షణ కోసం కోతలే వద్దంది. నేడు చాలా కాలేజీల్లో ట్రేల స్థానంలో నమూనా బొమ్మలు, చార్టులు, వీడియోలు, కంప్యూటర్ డిసెక్షన్లు ఉన్నాయి.

ఆ నిర్ణయం మంచిదే. సర్జన్ కాబోని వేలమంది పిల్లలు ఏటా అదే కప్పను కోసి, అదే బొమ్మ గీసి, అదే మార్కు తెచ్చుకోవడం వల్ల శాస్త్రానికి కొత్తగా ఒరిగిందేమీ లేదు. చెరువుకు మాత్రం నష్టం జరిగింది. అయితే చేతులతో చేసే పని ఒకటి పోయినప్పుడు ఇంకొకటి రావాలి. పీజీ విద్యార్థులకు కోత బదులు జీవవైవిధ్యం మీద ప్రాజెక్టు చేయించొచ్చని 2011 మార్గదర్శకాలే చెప్పాయి. కోసి చూసే చదువు పోయి, వెళ్లి చూసే చదువు రావాల్సింది. చాలాచోట్ల మొదటిది పోయింది, రెండోది రాలేదు. ప్రాక్టికల్ పీరియడ్ అంటే పీపీటీలో బొద్దింక బొమ్మ చూసి రికార్డులోకి ఎక్కించుకోవడంగా మిగిలింది. నేటి జువాలజీ డిగ్రీకి పట్టిన అసలు జబ్బు ఇదే. మందు కూడా దగ్గర్లోనే ఉంది.

చెరువు గట్టు మీద సిలబస్

భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు వెళితే జువాలజీ పుస్తకం చెరువుల రూపంలో పరుచుకుని కనిపిస్తుంది. చేపలు, రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది దేశంలో మొదటి స్థానం. దీని వెనక ఒక జువాలజీ పాఠం ఉంది.

బొచ్చె, శీలావతి వంటి చేపలు చెరువులో ఎంత బలిసినా తమంతట తాము గుడ్లు పెట్టవు. వానాకాలం వరద నీటిలో, ఏటి ప్రవాహంలో మాత్రమే పెడతాయి. అందుకని ఒకప్పుడు రైతులు చేపపిల్లల కోసం నదుల మీదే ఆధారపడేవారు. నదిలో పట్టిన పిల్లల్లో ఏది ఏ జాతో తేలేది కాదు. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి బృందం ఒక చేప మెదడు కింది పిట్యూటరీ గ్రంథి రసాన్ని ఇంకో చేపకు సూదితో ఎక్కించి, ప్రవాహం లేకుండానే గుడ్లు పెట్టించింది. హార్మోన్ల అధ్యాయంలో నాలుగు వాక్యాలతో తేలిపోయే సంగతి ఇది. కొల్లేటి చుట్టుపక్కల చేపల చెరువులన్నీ ఆ నాలుగు వాక్యాల మీదే నిలబడి ఉన్నాయి. జులై 10ని జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుకొంటున్నాం.

రొయ్యది మరో కథ. తల్లి రొయ్య కంటి కాడలో ఒక చిన్న గ్రంథి ఉంటుంది. అండాలు పక్వం కాకుండా అది అడ్డుపడే హార్మోన్ విడుదల చేస్తుంది. హేచరీలో ఒక కంటి కాడను తొలగిస్తే ఆ అడ్డు తగ్గి రొయ్య త్వరగా గుడ్లకు వస్తుంది. క్రస్టేషియన్ల ఎండోక్రైన్ వ్యవస్థ అని పుస్తకంలో చదివేది ఇదే. ఆ పద్ధతి క్రూరమనీ, దానికి ప్రత్యామ్నాయం వెతకాలనీ ప్రపంచమంతా చర్చ నడుస్తోంది. ఆ వెతుకులాట కూడా జువాలజీ చదివినవాళ్ల పనే.

1990ల నడుమ తెల్లమచ్చల వైరస్ టైగర్ రొయ్య సాగును కుదేలు చేసింది. 2009లో అనుమతి పొంది వచ్చిన వనామీ రొయ్య మళ్లీ చెరువులు నింపింది. వనామీ మనది కాదు. మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం దాని పుట్టిల్లు. ఇప్పుడు దాన్ని ఈహెచ్‌పీ అనే సూక్ష్మపరాన్నజీవి పట్టి పీడిస్తోంది. రొయ్య చావదు, ఎదగదు. మేత ఖర్చు పెరుగుతుంది, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) రాదు, రైతు మునుగుతాడు. సీడ్ వేసే ముందు పీసీఆర్ పరీక్ష చేయించమని రైతుకు చెప్పే ల్యాబుల్లో, హేచరీల్లో, మేత కంపెనీల్లో జువాలజీ, ఆక్వాకల్చర్ చదివిన కుర్రాళ్లకు చోటుంది. రొయ్య పెంకు ఎందుకు విడుస్తుందో, విడిచిన రాత్రి నీటిలో ఆక్సిజన్ తగ్గితే ఏమవుతుందో అర్థం చేసుకుని చదివినవాడికి రైతు దగ్గర మాట చెల్లుతుంది.

పాము చూపిన ఆధారం

పితృత్వ వివాదమో, హత్య కేసో... డీఎన్‌ఏ పరీక్ష ఊసు పేపర్లో రాని వారం ఉండదు. మన దేశంలో ఆ పరీక్షకు దారి తీసిన పరిశోధన పాముల దగ్గర మొదలైంది.

లాల్జీ సింగ్ బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో జువాలజీ చదివారు. పాముల్లో ఆడ, మగ క్రోమోజోముల తేడా మీద పరిశోధన చేశారు. పసుపు, నలుపు పట్టీలతో ఉండే ఒక కట్లపాము జాతి డీఎన్‌ఏలో పదే పదే తిరగరాసినట్టుండే ఒక భాగాన్ని గుర్తించారు. పాము లింగం ఎలా నిర్ణయమవుతుందన్న ప్రశ్నతో మొదలైన పని అది. ఆ తరహా భాగాలు మనిషి డీఎన్‌ఏలోనూ ఉంటాయని, మనిషికీ మనిషికీ వాటి అమరిక మారుతుందని తేలింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో ఆయన బృందం ఆ పాము డీఎన్‌ఏ ఆధారంగా 1980ల చివర్లో వేలిముద్ర లాంటి పరీక్షను తయారుచేసింది. రాజీవ్‌గాంధీ హత్య కేసు దర్యాప్తులో కూడా అది ఉపయోగపడింది.

‘పాముల మీద చదివితే ఏమొస్తుంది?’ అని ఆ రోజుల్లో ఎవరైనా అడిగి ఉంటే సమాధానం ఉండేది కాదు. మూలశాస్త్రం ఎప్పుడూ అంతే, ఫలితం ఎటు నుంచి వస్తుందో ముందు చెప్పదు. ఆయనే మొదలుపెట్టించిన లాకోన్స్ అనే ప్రయోగశాల హైదరాబాద్ అత్తాపూర్‌లో ఉంది. అంతరించే ప్రమాదంలో ఉన్న జంతువుల జన్యువుల మీద, సంతానోత్పత్తి మీద అక్కడ పరిశోధన జరుగుతోంది.

పాముల నుంచి ఊళ్లకు కావాల్సిన పాఠం ఇంకొకటుంది. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో ఏటా సగటున 58 వేల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా కట్టింది. బాధ ఎక్కువున్న ప్రాంతాల్లో తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి. ఎక్కువ ప్రాణాలు తీసేవి నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. కాటు దగ్గర కోయకూడదు, బిగించి కట్టకూడదు, మంత్రగాడి దగ్గర కాలం పోగొట్టుకోకుండా విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి చేరాలి. ఈ నాలుగు మాటలు సొంత ఊళ్లో నమ్మకంగా చెప్పగలిగిన బీజెడ్సీ విద్యార్థి ఒక్కడున్నా ఆ డిగ్రీ దండగ కాదు.

కలివికోడి ఎక్కడికీ పోలేదు

జెర్డాన్ అనే ఆంగ్లేయ వైద్యుడు 1848లో శాస్త్రలోకానికి పరిచయం చేసిన పక్షి కలివికోడి. 1900లో అనంతపురం వైపు కనిపించాక మళ్లీ ఎవరికీ చిక్కలేదు. అంతరించిపోయిందని లెక్కతేల్చారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ దాన్ని కడప జిల్లాలో మళ్లీ గుర్తించారు. స్థానికులు రాత్రిపూట టార్చి వెలుగులో పట్టిచ్చిన పక్షి అది. పరిశోధకుడు ఊరివాళ్లను అడిగాడు, వాళ్లు చూపించారు. 86 ఏళ్ల వెతుకులాట అలా ముగిసింది. ఆ పక్షి కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వెలిసింది, తెలుగుగంగ కాలువ దారి మార్చుకుంది.

గుత్తి పేరు ప్రపంచంలోని సాలీళ్ల ప్రియులందరికీ తెలుసని గుత్తి వాళ్లకే తెలియకపోవచ్చు. మెరిసే నీలిరంగులో ఉండే ఒక పెద్ద సాలీడును అక్కడి రైల్వే కలప డిపోలో దొరికిన నమూనా ఆధారంగా 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త వర్ణించాడు. నూరేళ్లు దాటాక 2001లో అది నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ దొరికింది. ప్రపంచంలో మరెక్కడా లేని ఆ సాలీడు ఇప్పుడు తీవ్ర ముప్పులో ఉన్న జీవుల జాబితాలో ఉంది. శేషాచలం రాళ్ల సందుల్లో బంగారు బల్లి, కోరింగ మడ అడవుల్లో చేపలు పట్టి తినే బావురుపిల్లి, తేలినీలాపురంలో గూడబాతులు, విశాఖ తీరం రాళ్ల మధ్య ఆటుపోట్ల గుంటల్లో సముద్రపు పూలు... పేరుపేరునా చెప్పుకుంటూ పోతే ఈ సంచిక చాలదు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పి.ఎన్. గణపతి వంటి ఆచార్యులు సముద్ర జీవశాస్త్రానికి పేరు తెచ్చారు. ల్యాబు కిటికీ అవతలే సముద్రం ఉండటం వాళ్లకు కలిసొచ్చింది, దాన్ని వాళ్లు వాడుకున్నారు. ప్రతి కాలేజీకీ సముద్రం ఉండదు. చెరువో, వాగో, గుట్టో, పోనీ ఆవరణలో నాలుగు చెట్లో లేని కాలేజీ ఉండదు. ఆ చెరువు మీద తూనీగలెన్ని రకాలు? వానకు ముందు, వానకు తర్వాత కప్పల అరుపుల్లో తేడా ఏమిటి? తెల్ల దుప్పటి కట్టి దీపం పెడితే ఏ చిమ్మటలు వాలుతున్నాయి? ఫోను, నోటుబుక్కు, ఓపిక ఉంటే చాలు. ఈబర్డ్, ఐనేచురలిస్ట్ వంటి వేదికల్లో విద్యార్థి నమోదు చేసిన పరిశీలనలు శాస్త్రవేత్తలకు పనికొస్తున్నాయి. ఏటా ఫిబ్రవరిలో దేశంలోని కాలేజీలు తమ ఆవరణలో పక్షుల లెక్క తీస్తాయి. ఒక్క జాగ్రత్త: వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నుంచీ అమల్లో ఉంది. చూడండి, లెక్కించండి, ఫొటో తీయండి. పట్టి సీసాలో పెట్టకండి.

ఇంతకీ ఉద్యోగం?

అమ్మానాన్నల ప్రశ్న ఇదే, అడగాల్సిన ప్రశ్న కూడా. దాచకుండా చెప్పాలంటే, మూడేళ్ల జువాలజీ డిగ్రీ ఒక్కదాన్నే పట్టుకుని వెళితే నేరుగా పిలిచి ఇచ్చే ఉద్యోగాలు తక్కువ. మెడికల్ రెప్రజెంటేటివ్, డయాగ్నొస్టిక్ ల్యాబు, ఫార్మా కంపెనీ, ఆక్వా ల్యాబు... జీతాలు చిన్నగానే మొదలవుతాయి. ఈ డిగ్రీ గుమ్మం లాంటిది, దాటాక లోపలికి నడవాలి.

లోపల దారులు చాలానే ఉన్నాయి. బీఈడీ చేస్తే బడిలో జీవశాస్త్రం చెప్పొచ్చు. ఎమ్మెస్సీ చేసి నెట్, సెట్ గట్టెక్కితే కాలేజీ పాఠాల దారి తెరుచుకుంటుంది. ఎమ్మెస్సీ అంటే జువాలజీయే కానక్కర్లేదు. ఆక్వాకల్చర్, జెనెటిక్స్, బయోటెక్నాలజీ, పర్యావరణ శాస్త్రం, ఫోరెన్సిక్ సైన్స్ ఉన్నాయి. నాగార్జున విశ్వవిద్యాలయంలో ఆక్వాకల్చర్, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్ర జీవవనరుల విభాగం పేరున్నవి. అడవి మీద మనసుంటే డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ వన్యప్రాణి శాస్త్రంలో ఎమ్మెస్సీ నడుపుతున్నాయి. సీట్లు చాలా కొద్ది, పోటీ గట్టిది, అక్కడ చూసేది మార్కుల కంటే ఆసక్తిని. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఫారెస్ట్ సర్వీసు పరీక్షకు జువాలజీ డిగ్రీ అర్హత అవుతుంది, ఆప్షనల్‌గానూ తీసుకోవచ్చు. గ్రూప్స్‌కు చదువుకునేవాళ్లకు జనరల్ సైన్స్‌లో ఈ పునాది అక్కరకొస్తుంది.

రెండేళ్లో మూడేళ్లో లాంగ్‌టర్మ్‌లో గడిపి, అయిష్టంగా ఈ కోర్సులో చేరి, క్లాసుకు రాకుండా మళ్లీ నీట్‌కే చదివేవాళ్లు ప్రతి కాలేజీలో ఉంటారు. వాళ్లకు అదీ దక్కడం కష్టం, ఇదీ దక్కదు. ఏదో ఒకటి తేల్చుకోవాలి.

చేరే ముందు ఇవి అడగండి

• గత ఏడాది విద్యార్థుల్ని ఫీల్డ్‌కు ఎక్కడికి తీసుకెళ్లారు? ‘విహారయాత్ర’ అని జవాబొస్తే అనుమానించండి.

• ప్రాక్టికల్ క్లాసులో మైక్రోస్కోపు ఎంతమందికి ఒకటి? సొంతంగా స్లైడు చేయనిస్తారా, పాత స్లైడు చూపించి సరిపెడతారా?

• జువాలజీకి శాశ్వత అధ్యాపకులు ఉన్నారా, గెస్ట్ లెక్చరర్లతో నెట్టుకొస్తున్నారా?

• ఇంటర్న్‌షిప్ నిజంగా ఏ హేచరీలో, ఏ ల్యాబులో, ఏ జూలో చేయిస్తారు? సర్టిఫికెట్ మాత్రమే ఇస్తారా?

• ప్రాజెక్టు అంశం విద్యార్థి ఎంచుకుంటాడా, పాతవాళ్ల ప్రాజెక్టు పేరు మార్చి బైండు చేయిస్తారా?

• జువాలజీకి తోడు ఏ సబ్జెక్టులున్నాయి? కంప్యూటర్, స్టాటిస్టిక్స్ తోడైతే నేటి జీవశాస్త్రంలో బలం రెట్టింపు.

ప్రభుత్వ కాలేజీ అనో, చిన్న ఊరి కాలేజీ అనో చిన్నచూపు వద్దు. శ్రద్ధగల ఒక్క అధ్యాపకుడు, పక్కన ఒక చెరువు ఉన్న కాలేజీ, అద్దాల భవనంలో పీపీటీ చూపించే కాలేజీ కంటే మేలు.

అధ్యాపకులకు ఒక విన్నపం. నెలకు ఒక్క ప్రాక్టికల్ క్లాసును ల్యాబు బయట పెట్టండి. బస్సూ బడ్జెట్టూ లేకపోయినా కాలినడకన వెళ్లే దూరంలో ఏదో ఒక నీటి గుంట ఉంటుంది. ఒకే చెరువులో ఏటా ఒకే నెలలో ఒకే లెక్క తీయించండి. పదేళ్లకు ఆ చెరువు చరిత్ర మీ కాలేజీ దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండదు.

తల్లిదండ్రులకూ ఒక మాట. పిల్ల బీజెడ్సీలో చేరానంటే ‘అయ్యో’ అనకండి, ‘ఈ వారం ఏం చూశావమ్మా?’ అని అడగండి. ఆ ప్రశ్నకు ప్రతి వారమూ కొత్త జవాబు వస్తుంటే ఆ చదువు సరిగ్గా సాగుతున్నట్టే. జవాబు లేకపోతే తప్పు జువాలజీది కాదు, చెప్పే తీరుది, చదివే తీరుది. ఆ రెండూ మార్చుకోవడం మన చేతిలోని పనే.